కెమెరా పట్టుకుని వెళ్ళాలంటే దుబాయా, సింగపూరా?

ముందే తేల్చి చెప్పేస్తాను, చివరిదాకా ఊరించడం నాకు చేతకాదు. కెమెరా కొత్తగా కొన్నారు, మొదటిసారి దేశం దాటుతున్నారు, చేతిలో నాలుగైదు రోజులే ఉన్నాయంటే సింగపూర్ వెళ్ళండి. నేను మాత్రం డబ్బులు కూడిన ప్రతిసారీ దుబాయ్ టికెట్టు కొంటున్నాను. ఇందులో తిరకాసేమీ లేదు. సింగపూర్‌లో నడుస్తుంటే ఫోటోలు వాటంతటవే ఎదురొస్తాయి, దుబాయ్‌లో ఒకచోట కూర్చుని కాచుకోవాలి. కాచుకోవడం నాకు ఇష్టం. మా ఇంట్లోవాళ్ళకి అస్సలు పడదు. అందుకే సింగపూర్ కుటుంబంతో వెళ్ళాను, దుబాయ్ రెండుసార్లూ ఒక్కణ్ణే.

ట్రావెల్ ఏజెంటు ఇచ్చే రంగుల కాగితాల్లో చూస్తే రెండూ ఒకే ఊరిలా ఉంటాయి. ఆకాశాన్నంటే అద్దాల భవనాలు, మాల్స్, తళతళలాడే మెట్రో, రాత్రిపూట లైట్ల షో. రెండూ మన కళ్ళముందు పెరిగిన ఊళ్ళే కదా. సింగపూర్ విడి దేశం అయింది 1965లో, దుబాయ్‌లో చమురు పడింది 1966లో. 1979లో దుబాయ్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టినప్పుడు దాని ఎత్తు 149 మీటర్లు, చుట్టూ ఇసుక తప్ప పెద్దగా ఏమీ లేదు. ఇవాళ షేక్ జాయెద్ రోడ్డు మీద నిలబడి అది ఎక్కడుందో వెతుక్కోవాలి. నేను పనిగట్టుకుని వెతికి మరీ తీశాను. పక్కన ఉన్న టవర్ల మధ్య పాత దూరదర్శన్ ఆఫీసులా పాపం ఒద్దికగా నిలబడి ఉంది. నాకు నచ్చిన దుబాయ్ ఫోటోల్లో అదొకటి, ఎవరికి చూపించినా 'ఇందులో ఏముంది' అంటారు, అది వేరే సంగతి.

అసలు తేడా కాళ్ళ దగ్గర మొదలవుతుంది. దుబాయ్ కారులోంచి చూడ్డానికి కట్టిన ఊరు. మ్యాపులో హోటల్‌కీ, నేను తీద్దామనుకున్న భవనానికీ మధ్య 600 మీటర్లు చూపించింది. సరే నడిచేద్దాం అని బయల్దేరాను. మధ్యలో అటు ఆరు ఇటు ఆరు వరసల రోడ్డు, దాటే దారి లేదు. చివరికి మెట్రో స్టేషన్ దాకా వెనక్కి వెళ్ళి, దాని వంతెన ఎక్కి, అవతల దిగి, మళ్ళీ నడిచేసరికి నలభై నిమిషాలు పట్టింది, వెలుగు కాస్తా పోయింది. సింగపూర్‌లో మరీనా బే చుట్టూ మూడున్నర కిలోమీటర్ల నడక బాట ఉంది. సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్లయన్ బొమ్మ దగ్గర మొదలుపెట్టి, ఎస్ప్లనేడ్ నాటకశాల మీదుగా హెలిక్స్ వంతెన దాటి, మరీనా బే శాండ్స్ హోటల్ ముందునుంచి మళ్ళీ మొదలైన చోటికి వచ్చేయొచ్చు. ప్రతి వంద అడుగులకీ ఫ్రేమ్ మారుతుంది. అలిసిపోతే కూర్చోడానికి మెట్లున్నాయి, దాహమేస్తే నీళ్ళున్నాయి. మా ఆవిడ కూడా సణక్కుండా మొత్తం తిరిగింది, ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేను ఇవ్వలేను.

ఇప్పుడు వెలుతురు సంగతి. టూర్ ప్లాన్ వేసేవాళ్ళెవరూ దీని గురించి మాట్లాడరు, మనకేమో ఇదే ముఖ్యం. సింగపూర్ భూమధ్యరేఖకి దాదాపు ఆనుకునే ఉంది, అందుకని ఏడాది పొడుగునా పొద్దు ఏడింటికి పొడుస్తుంది, ఏడింటికి గుంకుతుంది, ఓ పావుగంట అటూ ఇటూ. తెల్లారుజామున నాలుగింటికి అలారం పెట్టుకోనక్కర్లేదు, ఆరుంపావుకి లేచినా సూర్యోదయం దొరుకుతుంది. కానీ మధ్యాహ్నం ఎండ ఏ నెలలోనైనా దాదాపు నడినెత్తి మీదే, మనుషుల కళ్ళకింద నల్లటి గుంటలు పడతాయి. పదకొండు నుంచి నాలుగు దాకా కెమెరా బ్యాగులో పెట్టి ఏ గాజు గుమ్మటంలోకో, మ్యూజియంలోకో దూరిపోవడం మేలు. మబ్బు పట్టిందా, అదృష్టం. సింగపూర్ మబ్బు పెళ్ళి ఫోటోగ్రాఫర్ తెల్ల గొడుగు లాంటిది, ఊరంతటికీ మెత్తటి వెలుగు పరుస్తుంది.

దుబాయ్ మనకంటే కూడా బాగా ఉత్తరాన ఉంది, 25 డిగ్రీల మీద. డిసెంబరులో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సగం ఆకాశం కూడా ఎక్కడు. అంటే రోజంతా ఏటవాలు వెలుతురే. నీడలు పొడుగ్గా పడతాయి, అద్దాల టవర్లు ఒకదాని వెలుగు ఇంకోదాని మీదికి విసురుకుంటూ ఉంటాయి. పన్నెండింటికి కూడా ఫోటో తీయదగ్గ ఎండ ఉండే మహానగరం నేను ఇంకోటి చూడలేదు. అదే జూన్, జులైలో వెళ్తే అంతా తలకిందులు. నలభై దాటిన ఎండ, గాలిలో దుమ్ము, కిలోమీటరు అవతల టవరు కూడా పాలకాగితం వెనక పెట్టినట్టు కనిపిస్తుంది. ఆ దుమ్ముని ఎడిటింగ్‌లో తీసేద్దాం అని కూర్చుంటే ఆకాశం మీద మరకలు మరకలు పడతాయి, నేను చేసి చూశాను, వద్దు. దుబాయ్ అంటే నవంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకానే అనుకోండి.

లెన్స్ మీద ఆవిరి పట్టడం రెండు ఊళ్ళలోనూ ఉన్న గొడవ. ఏసీ గదిలోంచి తిన్నగా బయటికి వస్తే అద్దం మీద మంచు పేరుకుంటుంది, పది పదిహేను నిమిషాలు ఏమీ చేయలేం. సింగపూర్‌లో మొదటిరోజు సూర్యోదయం అలాగే పోగొట్టుకున్నాను. చొక్కాతో తుడిచిన కొద్దీ మళ్ళీ పట్టేది, పైగా గీతలు పడతాయని భయం. రెండోరోజు నుంచి బయల్దేరే అరగంట ముందే కెమెరా బ్యాగుని గదిలోంచి తీసి, ఏసీ లేని బాల్కనీలోనో కారిడార్లోనో ఉంచాను, జిప్పు తీయకుండా. అంతే, మళ్ళీ ఆ బాధ లేదు.

సింగపూర్ ఏ నెలలో అంటే నేను ఫిబ్రవరి అంటాను, ఊరికే కాదు. నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన, ఫిబ్రవరికి తెరిపిస్తుంది. రెండోది, గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల లైట్ల షో సాయంత్రం 7:45కి మొదలవుతుంది, 8:45కి ఇంకోసారి. నవంబరులో పొద్దు 6:45 ప్రాంతంలోనే గుంకిపోతుంది కాబట్టి షో మొదలయ్యేసరికి ఆకాశం బొగ్గులా ఉంటుంది. ఫిబ్రవరి నడుమ పొద్దు గుంకేది దాదాపు 7:20కి. అందువల్ల మొదటి షో మొదలైనప్పుడు ఆకాశంలో ఇంకా ముదురు నీలం మిగిలి ఉంటుంది. ఓ ఐదారు నిమిషాలే, కానీ ఆ ఐదారు నిమిషాల ఫోటోకీ, తొమ్మిదింటి ఫోటోకీ పోలికే లేదు. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న ఆ ఇనుప చెట్ల కింద నేల మీద వెల్లకిలా పడుకుని ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్ పైకి పెట్టండి, సిగ్గుపడక్కర్లేదు, అక్కడ సగంమంది పడుకునే ఉంటారు. కింది తోటకి టికెట్టు కూడా లేదు. ఇంకోటి, చైనీస్ న్యూ ఇయర్ జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో పడుతుంది, చైనాటౌన్ అంతా ఎర్ర లాంతర్లు. తమిళుల మురుగన్ పండగ తైపూసం కూడా దాదాపు ఆ రోజుల్లోనే. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి కావళ్ళు ఎత్తుకుని నడుచుకుంటూ వెళ్ళే ఆ జనాన్ని చూస్తే గాజు భవనాల సింగపూర్ ఇదేనా అనిపిస్తుంది.

వాన గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. మా ఐదు రోజుల్లో ఒక సాయంత్రం పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది, ఉరుములు మెరుపులు, మా చిన్నాడు ఏడుపు. కానీ మర్నాడు మళ్ళీ కురిసినప్పుడు తెలివొచ్చింది. అక్కడి పాతకాలపు దుకాణాల ముందు వరసగా ఐదడుగుల వసారా ఉంటుంది. 1822లో, అక్కడ బ్రిటిష్ రేవు పెట్టిన రాఫెల్స్ దొర వేయించిన నగర ప్లాన్‌లోనే ప్రతి ఇంటి ముందూ అలా కప్పుతో నడవా వదలాలని నియమం పెట్టారు. ఇప్పటికీ ఆ వసారాల కిందనుంచే వీధి వీధంతా తడవకుండా నడవొచ్చు. కంపాంగ్ గ్లామ్‌లోనో, చైనాటౌన్‌లోనో ఒక స్తంభానికి ఆనుకుని నిలబడండి. గొడుగులు, తడి రోడ్డు మీద ఎర్రలైట్ల నీడలు, సైకిల్ మీద ప్లాస్టిక్ కోటు తాత... నా సింగపూర్ ఫోటోల్లో గోడకెక్కినవి మూడు, మూడూ ఆ వాన గంటలోవే.

దుబాయ్‌లో ఫోటో అంటే అందరూ బుర్జ్ ఖలీఫా కిందికే పరిగెడతారు. 828 మీటర్ల భవనాన్ని దాని కాళ్ళ దగ్గర నిలబడి తీస్తే ఏమొస్తుంది, వెనక్కి పడిపోతున్న కత్తి ఒకటి వస్తుంది. పైకెక్కితే ఇంకా దండగ. ఆ ఊళ్ళో అందమైన భవనం మీరు ఎక్కింది కదా, ఫ్రేములో అదే ఉండదు. దాన్ని దూరం నుంచి తీయాలి. అల్ జద్దాఫ్ వైపు నీళ్ళ ఒడ్డు నుంచి, లేదా రస్ అల్ ఖోర్ పక్షుల మడుగు నుంచి. చలికాలంలో ఆ మడుగులో ఫ్లెమింగోలు గుంపులుగా నిలబడి ఉంటాయి, వెనక టవర్ల వరస. పులికాట్ దగ్గర ఫ్లెమింగోలు చూసినవాళ్ళకి పక్షులు కొత్త కాకపోవచ్చు, వాటి వెనక ఆ సీను మాత్రం కొత్తే.

మెట్రో గురించి చెప్పకపోతే తప్పు. 2009లో మొదలైంది, డ్రైవరు ఉండడు, అంచేత రైలు మొదట్లో పెద్ద అద్దం ఖాళీగా ఉంటుంది. రైలు వెళ్ళే దిక్కుని బట్టి ఆ కొస గోల్డ్ క్లాసులో పడొచ్చు, ఛార్జీ రెట్టింపు, ఒక్కసారికి పెట్టండి. సాయంత్రం ఐదు గంటల ఎండలో షేక్ జాయెద్ రోడ్డు పక్కనుంచి టవర్ల మధ్య తేలుతూ వెళ్తుంటే గంటకి వేలు పోసి హెలికాప్టర్ ఎక్కాల్సిన పనేమిటి అనిపించింది. మ్యూజియం ఆఫ్ ద ఫ్యూచర్ కూడా మెట్రో వంతెన మీదనుంచే బాగా దొరుకుతుంది. 2022 ఫిబ్రవరి 22న తెరిచారు, ఉంగరంలా గుల్లగా ఉండి, ఒళ్ళంతా అరబ్బీ అక్షరాలు. ఆ అక్షరాలే కిటికీలు. చీకటి పడితే లోపలి దీపాలకి రాత మొత్తం వెలుగుతుంది. లోపలికి నేను వెళ్ళలేదు, టికెట్టు డబ్బుతో రెండుపూటలా భోంచేశాను.

మనుషుల్ని తీసేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. యూఏఈలో అనుమతి లేకుండా మనిషిని ఫోటో తీయడం చట్టప్రకారం నేరం, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో పొరపాటు కూడా చేయొద్దు. ప్రభుత్వ భవనాలు, రాజమందిరాలు, మిలటరీ చోట్లు సరేసరి. సింగపూర్‌లో బహిరంగ స్థలంలో మామూలుగా తీసుకోవచ్చు, రక్షిత ప్రాంతం అని బోర్డున్న చోట తప్ప. స్ట్రీట్ ఫోటోగ్రఫీయే మీ ప్రాణమైతే ఇంకేం ఆలోచించకండి, సింగపూర్. టెక్కా మార్కెట్ పొద్దున్నే, మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్ మధ్యాహ్నం, రాత్రి ఏడు దాటాక లౌ పా సాట్ పక్క వీధి. ఆ వీధిని మూసేసి సాతే, అంటే పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు, కాలుస్తారు, బొగ్గుల పొగ పైకి లేస్తుంటే దాని వెనక బ్యాంకుల టవర్లు. అలాంటి ఫ్రేమ్ కోసం కష్టపడాల్సిన పని లేదు, కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలు. జూ చియాట్ వైపు కూన్ సెంగ్ రోడ్డులో రంగురంగుల పెరానకన్ ఇళ్ళు (చైనా, మలయ్ పద్ధతులు కలిసిన పాత కుటుంబాలవి) కూడా చూడండి, కానీ అవి జనం కాపురముండే ఇళ్ళు, వాళ్ళ గుమ్మాల మీద కూర్చుని పోజులివ్వకండి.

దుబాయ్‌లో మనుషుల్ని తీయాలంటే అడగాలి. అడగడం వల్లనే నాకు అక్కడ ఒక మంచి సాయంత్రం దొరికింది. ఊరి మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, క్రీక్‌లో అబ్రా అని చిన్న పడవలు తిరుగుతాయి, ఒడ్డు దాటడానికి ఒక్క దిర్హమ్. రాజమండ్రిలో పుట్టినవాణ్ణి, పడవ కనిపిస్తే ఎక్కకుండా ఉండలేను. అటూ ఇటూ ఆరుసార్లు తిరిగాను. డేరా వైపు ఒడ్డున ఫ్రిజ్జులు, టైర్లు, ఏవేవో మూటలు ఎక్కించుకునే చెక్క ఓడలు ఉంటాయి, బుర్ దుబాయ్ వైపు ఇంట్లోకి గాలి పట్టే బురుజులున్న పాత ఇళ్ళు. ఆ ఒడ్డున అల్ సీఫ్ దగ్గర తిరుగుతుంటే ఫోనులో నా తెలుగు విని ఒక కుర్రాడు వచ్చాడు. "ఏ ఊరన్నా మీది?" అన్నాడు. చెప్పాను. వాళ్ళది జగిత్యాల దిక్కు, షట్టరింగ్ పని, సెలవుపూట వచ్చాడు. ఒక ఫోటో తియ్యనా అంటే సరే అన్నాడు. దగ్గరగా వెళ్ళి, సాయంత్రపు ఎండ ముఖం మీద పడుతుంటే, వెనక నీళ్ళు మసకగా వచ్చేట్టు, నాకు తెలిసిన విద్యంతా చూపించి తీశాను. స్క్రీను మీద చూసి తల ఊపాడు. "మొఖం మంచిగనే వచ్చింది గని, బుర్జ్ ఏదన్నా? మా ఇంట్ల ఇది చూస్తే నేను ఏ ఊర్లున్ననో ఎట్ల తెలుస్తది?"

అతనన్నదీ నిజమే. బుర్జ్ అక్కడికి చాలా దూరం, కంటికి అగ్గిపుల్లలా కనిపిస్తోంది. అప్పుడు దూరంవాటిని దగ్గరకి లాగే టెలీ లెన్స్ బిగించి, 200 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, ఇరవై పాతిక అడుగులు వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాను. మనిషి చిన్నవాడవుతాడు, టవరు మాత్రం అంతే ఉంటుంది, చివరికి ఇద్దరూ ఒకే ఎత్తుకి వచ్చారు. ఆ ఫోటోనే ఇంటికి పంపాడు. మొదటిది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అతనికి అక్కర్లేదట. దుబాయ్‌కి టెలీ లెన్స్ తీసుకెళ్ళమని అందరికీ చెబుతున్నది ఆ రోజు నుంచే.

సింగపూర్‌కి అయితే 35 ఎంఎం లెన్స్ ఒక్కటి చాలు, ఒక వైడ్ ఉంటే పండగ. ట్రైపాడ్ రెండుచోట్లా తలనొప్పే గానీ దుబాయ్‌లో ఎక్కువ. నీళ్ళ ఒడ్డున, బయటి ప్రదేశమే కదా అని కాళ్ళు విప్పగానే సెక్యూరిటీ వచ్చాడు, మర్యాదగానే చెప్పాడు, పర్మిషన్ కాగితం ఉందా అని. లేదు. మడిచేశాను. తర్వాత రెయిలింగు మీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీశాను, ఎవరూ ఏమీ అనలేదు. సింగపూర్‌లో హెలిక్స్ వంతెన మీద గంటసేపు ట్రైపాడ్ వేసుకున్నా పట్టించుకోలేదు, కాకపోతే జనం నడుస్తుంటే వంతెన సన్నగా ఊగుతుంది, పొడుగు ఎక్స్‌పోజర్లు తీసేవాళ్ళు అది చూసుకోండి. డ్రోన్ మాట రెండు ఊళ్ళకీ మర్చిపోండి, అనుమతుల తతంగానికే సెలవులు అయిపోతాయి.

ఎత్తు నుంచి సింగపూర్ చూడాలంటే అందరూ శాండ్స్ పైకి ఎక్కుతారు. నేను పినాకిల్ ఎట్ డక్స్‌టన్ అంటాను. ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లు, ఏడు టవర్లని కలుపుతూ 50వ అంతస్తులో నడవా. నేను వెళ్ళినప్పుడు మనిషికి 6 డాలర్లు. ఆ దేశంలో పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఉండేది ఇలాంటి ప్రభుత్వ ఫ్లాట్లలోనే. పక్కన రేవు, క్రేన్లు, ఇంకోవైపు నగరం, కింద ఎవరో ఆరేసిన బట్టలు. దుబాయ్‌లో అంత ఎత్తులో ఆరేసిన బట్టలు నాకు ఎక్కడా కనపడలేదు.

ఖర్చు దగ్గర పెద్ద చిట్టా వేయను. హోటల్ గది సింగపూర్‌లో ఇరుకు, ఖరీదు. తిండి హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే షెడ్లలో, చవక. దుబాయ్‌లో కరామా వైపు ఉంటే మన భోజనం దొరుకుతుంది, మెట్రో దగ్గర, కానీ టాక్సీలకి తెలియకుండానే డబ్బు కరిగిపోతుంది. వీసా రెండింటికీ కావాలి. సింగపూర్ నుంచి తిరిగొచ్చే రోజు మాత్రం మూడు గంటల ముందే చాంగీ విమానాశ్రయానికి చేరిపోండి, అక్కడి జ్యువెల్ మాల్‌లో 40 మీటర్ల జలపాతం ఉంది, ఇమిగ్రేషన్ దాటకముందే చూడొచ్చు. చివరి మెమరీ కార్డు అక్కడే నిండిపోతుంది.

ఇంకా ఎటూ తేలకపోతే మీ సెలవులు ఎప్పుడో చూసుకోండి. పిల్లలకి బడి సెలవులు, మే నెలే కుదురుతుందంటే సింగపూర్, వేరే మాటే లేదు. సంక్రాంతి సెలవులైతే దుబాయ్. భవనాల గీతలూ నీడలూ తీసేవాళ్ళు, ఒక్కరే తిరిగేవాళ్ళు, ఒకే చోటుకి మూడుసార్లు వెళ్ళినా విసుగు రానివాళ్ళు కూడా దుబాయే. పక్కన 'అయిందా, ఇంకా ఎంతసేపు' అనేవాళ్ళు ఉంటే సింగపూర్.

నేనైతే ఈ జనవరికి మళ్ళీ దుబాయే. చలికాలంలో కొన్ని తెల్లవారుజాముల్లో దుబాయ్ మరీనా అంతా పొగమంచులో మునిగిపోయి టవర్ల కొసలు మాత్రం పైకి తేలతాయి. అది దొరకాలంటే పై అంతస్తులో గది ఉండాలి, ఆ రోజు మంచు పట్టాలి. పోయినసారి 40వ అంతస్తులో గది తీసుకుని నాలుగు రోజులు ఐదింటికే లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. నాలుగు రోజులూ ఆకాశం కడిగినట్టు ఉంది.